ఏడవడం నేర్చుకున్న రేణుక

రేగొండలో రేణుక గురించి ఎవరిని కదిపినా మొదట ఒక్కటే మాట చెప్తారు: "మొగడు సచ్చిన నాడు మిషన్ కుట్టింది." చెప్పి, విన్నవాళ్ల ముఖం చూస్తారు. విన్నవాళ్లు నోటి మీద చెయ్యి వేసుకోవాలి. వేసుకుంటారు కూడా. నేను మాత్రం "కుట్టింది, అయితే ఏంది?" అని అడిగి ఇద్దరు ముగ్గురితో మాటలు తెంపుకున్నాను. నా నోరు మంచిది కాదని మా ఇంట్లోవాళ్లే చెప్తారు.

నా పేరు సౌమ్య. ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల కోసం భూపాలపల్లిలో నడిచే ఒక చిన్న సెంటర్‌లో పన్నెండేళ్లుగా టీచర్‌ని. రేణుక నాకు పరిచయమైంది అక్కడే. మహిళా సంఘం తరఫున బడి యూనిఫాంలు కుట్టే పని ఆమెది. మా దగ్గర ఏడేళ్ల పాప ఒకతి ఉండేది. ఏ గౌను తొడిగినా పది నిమిషాల్లో చింపి అవతల పారేసేది. మొండిదని వాళ్లమ్మ, తిక్కదని ఆయా, "టైం పడుతుంది" అని నేను. కొలతలు తీసుకోవడానికి వచ్చిన రేణుక ఆ పాపను ముట్టుకోలేదు. గోడకు ఆనుకొని అరగంట సేపు చూసి వెళ్లిపోయింది. వారం తర్వాత తెచ్చిన గౌనుకు కుట్లన్నీ బయటి వైపున్నాయి. మెడ దగ్గర పట్టీ లేదు. పాప దాన్ని సాయంత్రం దాకా విప్పలేదు.

"నీకెట్ల తెలిసింది?" అని అడిగాను.

"నాగ్గూడ గంతే టీచర్," అంది నా భుజం పక్కనున్న క్యాలెండర్‌ను చూస్తూ. "కుట్టు ఒంటికి తాకితే చీమలు పారినట్టుంటది. నా జాకెట్లన్ని తిరగేసి తొడుక్కుంట. పైన కొంగు కప్పుకుంట గదా, ఎవ్వరికి కనవడది."

ముప్పై రెండేళ్ల మనిషి. పన్నెండేళ్లుగా పిల్లల్లో చూస్తున్నదాన్ని పెద్దవాళ్లలో కూడా చూడొచ్చని ఆ రోజు దాకా నాకు తట్టలేదంటే, నా చదువు ఎంత గొప్పదో మీరే చెప్పండి. ఆ తర్వాత ఆమె యూనిఫాంలు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి కదిలించాను. ఒక్కొక్కటీ చెప్పింది. అడిగినదానికే జవాబు చెప్పేది, అడగనిది ఒక్క ముక్క కలిపేది కాదు. మిషన్ సంగతి కూడా అలాగే చెప్పింది.

సంజీవ ఆమె భర్త. టిప్పర్ డ్రైవర్. రేణుక గుణం ఎరిగినవాడు. ఇంటికి చుట్టాలు వస్తే "ఆమెకు తలనొస్తున్నది" అని ఆయనే అబద్ధం చెప్పి ఆమెను లోపలి అర్రలోకి పంపేవాడట. పెళ్లిళ్లకు, పండుగలకు ఒక్కడే పోయి వచ్చేవాడు. రెండేళ్ల కింద ఒక పొద్దున డ్యూటీకి పోతూ, జేబు చినిగిన అంగీ ఒకటి మిషన్ మీద పెట్టి, "పొద్దుమీకె వరకు కుట్టిపెట్టు, రేపు ఏసుకపోవాలె" అన్నాడు. ఆమె సరేనంది. పొద్దుమీకే వేళకు పరకాల రోడ్డు మీద ప్రమాదం జరిగి ఆయన శవం వచ్చింది.

మా వైపు చావు ఇంటికి వచ్చిన ఆడవాళ్లు ఊరికే కూర్చోరు. ఇంటి ఆడవాళ్ల మెడ మీద పడి, గట్టిగా పట్టుకొని, ఊగుతూ, పోయినవాడి మంచితనమంతా రాగం తీసి చెప్తూ ఏడుస్తారు. వచ్చినవాళ్లు ఎంతమందైతే అన్నిసార్లు ఇంటి ఆడది వాళ్లతో కలిసి ఏడవాలి. ఏడవని ఆడదానికి మనసు లేదని లెక్క. రేణుక మెడ మీద మొదట ఇద్దరు పడ్డారు. ఓర్చుకుంది. మూడో ఆమె పట్టుకున్నప్పుడు ఊపిరాడలేదు. విడిపించుకొని లోపలికి పోయింది. అంగీ కళ్ల ముందుంది. పొద్దుమీకె వరకు కుడతానని మాట ఇచ్చింది కదా. కూర్చొని కుట్టింది. వాకిట్లో శవం, లోపల మిషన్ చప్పుడు. కొడుకు పోయిన కడుపుకోతతో అత్త లచ్చవ్వ లోపలికొచ్చి కోడలి మెడ మీద పడబోతే, రేణుక రెండు చేతులతో తోసేసింది. ముసలామె గడప మీద పడి మణికట్టు విరిగింది.

లచ్చవ్వను నేను తప్పు పట్టలేను. కొడుకు శవాన్ని వాకిట్లో పెట్టుకొని కోడలి తోపు తిన్న మనిషికి ఆటిజం గురించి పాఠం చెప్పేంత తెలివితక్కువదాన్ని కాను. కానీ తర్వాత జరిగింది మాత్రం అన్యాయం. దినాలు కాగానే ఆరేళ్ల అఖిలను తమ దగ్గరే పెట్టుకొని రేణుకను పంపేశారు. తల్లి గుండె రాయి అయితే పిల్ల ఎట్లా బతుకుతుందన్నారు. రేణుక భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్ల వెనక ఒక గది తీసుకుంది. ఆదివారం ఒక్క గంట పిల్లను చూసి రానిచ్చేవాళ్లు, అదీ అరుగు మీద, అందరి ముందు.

రెండేళ్లు అలాగే గడిచాయి. పోయిన ఎండాకాలం పిడుగులాంటి కబురొచ్చింది. బడులు తెరిచే లోపల అఖిలను వాళ్ల మేనత్త హైదరాబాద్ తీసుకుపోతుందట, ఇక అక్కడే చదువట. రేణుక రేగొండ పోయి సంజీవ పెద్దబాపు, అంటే పెదనాన్న, దుర్గయ్యను అడిగింది. ఆ ఇంట్లో, ఆ కులంలో ఆయన మాటే మాట.

"నీ మతి మంచిగున్నదని, నీతోని పిల్లకు ఆపతి లేదని డాక్టర్‌తోని రాయించుక రా," అన్నాడాయన. "జూన్‌ల పంచాయితికి కూసుందం. కాయితం ఉంటే పిల్లను తోలిస్తం. లేకుంటే మేనత్త కాడికి పోతది."

నేను ఒక వకీలును అడిగాను. కోర్టుకు పోతే పిల్ల తల్లికే రావచ్చు గానీ, పిచ్చిదని వాళ్లు వాదిస్తే కేసు ఏళ్లు పడుతుంది, ఏది చేసినా ముందు డాక్టర్ కాగితం ఉండటం మంచిదన్నాడు. అప్పుడు నేనే, ఈ నోటితో నేనే, రేణుకకు ఆటిజం గురించి చెప్పాను. అది పిచ్చి కాదని, రోగం కాదని, పుట్టుకతో మనిషి తీరే అలా ఉంటుందని, పెద్దయ్యాక కూడా డాక్టర్లు తేల్చి రాస్తారని చెప్పాను. ఆ కాగితం చూపిస్తే దుర్గయ్య నోరు మూతపడుతుందని కూడా అన్నాను.

"దీనికి పేరున్నదా?" అంది రేణుక.

"ఉన్నది."

"అయితే నేను చెడ్డదాన్ని గాదు."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. ఆ మాట మాత్రం ఇంకో రెండుసార్లు అనుకుంది.

హన్మకొండలో మానసిక వైద్యురాలు ఒకామె ఉంది. మొదటిసారి రేణుకతో గంటన్నర మాట్లాడింది. ఓపికైన మనిషి. "నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ ఇది పుట్టుకతో ఉండేది కాబట్టి చిన్నతనం గురించి తెలియాలి. మిమ్మల్ని పెంచినవాళ్లు ఎవరైనా రావాలి," అంది. రేణుకకు తండ్రి లేడు, తోడబుట్టినవాళ్లు లేరు. ఉన్నది తల్లి గట్టమ్మ. నర్మెట్టలో కూలికి పోతుంది. చావు ఇంట్లో శోకం మొదలుపెట్టాలంటే ఆ ఊళ్లో ముందు గట్టమ్మనే పిలుస్తారు. అంత గొంతు, అన్ని మాటలు ఇంకెవరికీ లేవట. ఆమె కడుపునే రేణుక పుట్టింది చూడండి.

గట్టమ్మ ముందురోజే భూపాలపల్లి వచ్చింది. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఎనిమిది దాటితే బస్సులో కాలు పెట్టే సందుండదు. ఒకళ్ల ఒళ్లు ఒకళ్లకు తగిలితే రేణుక తట్టుకోలేదని తెల్లవారుజామునే తొలి బస్సు ఎక్కాం. రేణుక కిటికీ పక్కన ఒక్కతే కూర్చుంది. నేనూ గట్టమ్మా వెనక సీట్లో. రేగొండ దాకా గట్టమ్మ నోరు విప్పలేదు. రేగొండలో బస్సు ఆగినప్పుడు రేణుక మెడ సాచి అఖిల ఉండే వాడ వైపు చూడటం చూసి, ముసలామె మనసు కరిగింది.

"నాలుగేండ్ల దాక మాట రాలే బిడ్డా దీనికి," అంది నా చెవి దగ్గర. "తల దువ్వనియ్యకపోవు. తెల్లన్నం, పెరుగు తప్ప ముద్ద ముట్టకపోవు. ఏడేండ్లప్పుడు మా అత్త పోతే గుడ ఏడ్వలే, ఇంటెనక కూసోని రాళ్లు వరుసగ పేర్చుకున్నది. దర్గకు తీస్కపోయి తాయెత్తు కట్టిచ్చిన. ఇగ ఏం గాదని నేనే నేర్పిన. ఎదుటోళ్లు మాట్లాడితే కండ్లు సూడలేకపోతే నొసలు సూడుమన్న. ఎవలన్న నవ్వితే నువ్వు గుడ నవ్వుమన్న. ఒక్కొక్కటి, అన్నం తినవెట్టినట్టు నేర్పిన."

నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరుకు కావలసిందంతా ఈ ముసలామె కొంగున ఉంది. "అవ్వా, గివే మాటలు డాక్టరమ్మకు చెప్పు, చాలు," అన్నాను. ఆమె తలూపింది.

డాక్టరు గదిలో కుర్చీలో కూర్చోగానే గట్టమ్మ కొంగు సర్దుకుంది. ముఖం మారింది. ఆ మార్పును నేను అప్పుడే పట్టుకోవలసింది.

"మీ అమ్మాయికి మాటలు ఎప్పుడొచ్చాయమ్మా?"

"అందరి పిల్లలకు అచ్చినప్పుడే అచ్చినయి మేడం."

"తోటి పిల్లలతో ఆడుకునేదా?"

"మస్తు ఆడుకునేది. ఇంట్ల ఉండనే ఉండకపోవు."

"ఎత్తుకుంటే, ముట్టుకుంటే ఎలా ఉండేది?"

"నా మెడ ఇడిసేది గాదు. బంగారం మేడం నా బిడ్డ. ఏ లోపం లేదు."

రేణుక బల్ల మీది పెన్నుల డబ్బాను చూస్తూ, గొంతు పెంచకుండా, "అవ్వ అబద్ధం చెప్తున్నది మేడం," అంది.

గట్టమ్మ డాక్టరు వైపు చూసి నవ్వింది. "మొగడు పోయిన కాంచి గిట్లనే మాట్లాడ్తది."

నేను ఆగలేకపోయాను. బస్సులో విన్నదంతా కక్కేశాను. గట్టమ్మ నన్ను ఎన్నడూ చూడనట్టు చూసి, "నేనేం చెప్పలే," అంది. డాక్టరు పెన్ను కింద పెట్టింది. "మీరు విన్నది మీరు చెప్పడం వేరు, ఆవిడ చెప్పడం వేరు. భర్త పోయిన దుఃఖంతో కూడా మనిషి ఇలా అయిపోవచ్చు. రెండూ విడదీసి చూడకుండా సంతకం పెట్టలేను. ఆమె చిన్నతనం తెలిసిన ఇంకెవరైనా, చదువు చెప్పిన టీచరైనా సరే, ఉంటే తీసుకురండి. ఆగస్టులో మళ్లీ చూద్దాం." ఆమె తప్పేమీ లేదు. ఆగస్టు నాటికి అఖిల హైదరాబాద్‌లో ఉంటుందన్నదొక్కటే సంగతి.

బయటికి రాగానే చెట్టు కింద గట్టమ్మను నిలబెట్టి దులిపేశాను. కన్నతల్లివేనా అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆమె నిదానంగా విన్నది. "పెండ్లి సూపులకు గివే అడిగిన్రు బిడ్డా," అంది. "లచ్చవ్వనే అడిగింది. పిల్లకు మాట మంచిగనేనా, నలుగురిల కలుస్తదా అని. ఏ లోపం లేదని బతుకమ్మ మీద ఒట్టేసి చెప్పిన. ఇయ్యాల డాక్టర్ కాయితం మీద చిన్నప్పటి సంది గిట్లనే అని రాస్తే, లోపమున్న పిల్లను అంటగట్టిన్రని రేగొండోళ్లు అనరా? ఒట్టుకు అబద్ధమాడిన్రు కాబట్టే సంజీవ సచ్చిండనరా? అఖిలను ఇస్తరా అప్పుడు? రేపు అఖిల పెండ్లికి గా కాయితం ముంగట పడదా? నా నోటితోని నా బిడ్డను ఎట్ల ఖరాబ్ జెయ్యాలె?"

నిజానికి అది ఆలోచించాల్సింది నేను. దుర్గయ్య అడిగింది మతి మంచిగుందని రాసిన కాగితం. నేను తేబోయింది పుట్టుకతోనే తేడా అని రాసిన కాగితం. పుస్తకాల్లో రెంటికీ పొత్తు ఉండొచ్చు, రేగొండ అరుగు మీద ఉండదు. అయినా ఆ క్షణంలో ముసలామె మీద కోపం మాత్రం తగ్గలేదు. నర్మెట్ట బడిలో ఆ కాలపు పంతుళ్ల కోసం వారం రోజులు తిరిగాను. ఒకాయన పోయాడు. ఇంకొకాయన ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పేవాళ్లు లేరు.

దుర్గయ్య పెట్టిన గడువుకు ఇంకా పది రోజులుంది. ఒక సాయంత్రం రేణుక గదికి పోయేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలినుంచి శోకం వినిపించింది. ఎవరో పోయారనుకున్నాను. తలుపు తోశాను. గట్టమ్మ నేల మీద కూర్చొని ఉంది. రేణుక ఆమె మెడ చుట్టూ చేతులు వేసి ఊగుతోంది.

"భుజాలు గట్టిగ పెట్టకు బిడ్డా. బరువు నా మీద ఇడువు," అంటోంది గట్టమ్మ. "రాగం లేపినంక ఊపిరి ఇడిసేటప్పుడు వరుస వెట్టి పిలువాలె. ముందుగాల పిలిస్తే ఏడ్పు తేలిపోతది."

"ఎన్నోసారికి రొమ్ము గుద్దుకోవాలె?"

"మూడోసారికి. లెక్కవెట్టకు. లెక్కవెడ్తున్నవని మొకంల కనవడ్తది."

రేణుక చేతులు తీసి గోడ వైపు తిరిగి, మెడను రెండు చేతులతో గట్టిగా రుద్దుకుంది. కాసేపాగి మళ్లీ వచ్చి తల్లి ముందు కూర్చుంది. కాగితం రాదని తేలిన రోజే ఆమె తల్లిని అడిగిందట: "నవ్వుడు నేర్పినవు గదా, ఏడ్చుడు గుడ నేర్పు." రోజుకు రెండు పూటలా నేర్పుతోంది ముసలామె. వద్దని అరవాలనిపించింది. ఏ ముఖంతో అరవను? నేను చూపిన దారి గోడకు తగిలింది. గడపలో కూర్చున్నాను.

జూన్ రెండో ఆదివారం రేగొండలో దుర్గయ్య వాకిట్లో పంచాయితీకి కూర్చున్నారు. వాడ వాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. అఖిల తలుపు దగ్గర మేనత్త పక్కన నిలబడి ఉంది, సంచి సర్ది పెట్టి ఉంది. "కాయితం తెచ్చినవా?" అన్నాడు దుర్గయ్య.

రేణుక నేరుగా పోయి, మంచం కోడు దగ్గర కూర్చున్న లచ్చవ్వ మెడ మీద పడింది.

"పొద్దుగాల నవ్వుకుంట పోతివి గదనయ్యా... పొద్దుమీకెవరకు మూట గట్టుకొని అస్తివా అయ్యా... నీ తల్లి కడుపు కాలిన నాడు నా శేతులతోని తోస్తి గదనే అత్తమ్మా... గా శేతులు గప్పుడే ఇరగకపాయెనే అత్తమ్మా..."

గొంతు గట్టమ్మదే. రాగం లేచింది, విరిగింది, ఊపిరి విడిచేటప్పుడు పిలుపు వచ్చింది. మూడోసారికి రొమ్ము మీద చెయ్యి పడింది. వాకిలంతా ఏడ్చింది. అంతా తెలిసిన నేను కూడా సిగ్గు లేకుండా ఏడ్చాను. లచ్చవ్వ అయితే వంకర తిరిగిన ఆ మణికట్టుతోనే కోడలి వీపు నిమురుతూ, "రెండేండ్లాయె బిడ్డా, నిన్ను పట్టుకోని ఏడ్వాల్నని సూసుడు... నా కొడుకు ఇయ్యాల పోయినట్టున్నది," అని కుమిలిపోయింది. ఆమె ఏడుపులో అబద్ధం లేదు. ఆ ముసలామెకు రెండేళ్లుగా దక్కనిది ఆ రోజు దక్కింది. అది తలుచుకుంటే నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియదు.

దుర్గయ్య తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. "ఇగ కాయితం ఎందుకు? పిల్లను తీస్కపో," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఊరు దాటగానే రేణుక ఆటో ఆపించి రోడ్డు పక్కన కక్కుకుంది. సీసాలో నీళ్లన్నీ మెడ మీద పోసుకొని, చర్మం లేచేదాకా కొంగుతో రుద్దింది. అఖిల తల్లిని ముట్టుకోలేదు. జానెడు ఎడంగా కూర్చొని, ఆమె నెమ్మదించేదాకా రోడ్డు చూసింది. ఆ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అక్కడితో ముగిసి ఉంటే నేను కూడా పోనీలే అనుకునేదాన్ని. ముగియలేదు. ఏడవడం వచ్చిన కోడలు ఏడవడానికి రావాలి కదా. జూన్ నెలాఖరులో రేగొండలో దాయాదులైన పాలివాళ్ల ఇంట్లో ముసలాయన పోతే కబురొచ్చింది. వెళ్లింది. వచ్చాక రెండు రోజులు మాట్లాడలేదు, మిషన్ ముట్టుకోలేదు. జూలైలో ఇంకొకటి. ఆసారి నాలుగు రోజులు. మెడ మీద చారలు మానకముందే కొత్తవి పడేవి. అఖిల తనే అన్నం వండి పెట్టి బడికి పోయిందని తెలిసి, ఆగస్టు తారీఖు ఎప్పుడొస్తుందా అని నేను రోజులు లెక్కపెట్టాను. పిల్ల ఎలాగూ వచ్చేసింది, ఇప్పుడైనా ఆ కాగితం తన కోసం తాను తెచ్చుకోవాలి, ఈ నరకం నుంచి తప్పించుకోవడానికి ఒక ఆధారం ఉండాలి అని ఆమెకు చెప్పాను. సరేనంది. గట్టమ్మ కూడా బిడ్డ మెడ చూసి, "ఈసారి చెప్త," అని నాకు ఫోన్లో మాట ఇచ్చింది.

డాక్టరు దగ్గరికి పోవాల్సిన రోజు పొద్దున ఆరింటికి నేను గది దగ్గరికి పోయేసరికి వాకిట్లో రేగొండ ఆటో ఉంది. సంజీవ చిన్నమ్మ రాత్రి పోయిందట. "రేణుకక్క అచ్చినంకనే శవాన్ని లేపాలె అన్నరు. అక్క ఏడిస్తె సావు సావు లెక్క ఉంటదట," అన్నాడు ఆటో నడిపే అతను, మెచ్చుకోలుగా.

రేణుక తెల్ల చీర కట్టుకొని బయటికొచ్చింది. అఖిలకు బడి సంచి అందించి, ఆటో ఎక్కి చివరికి జరిగి కూర్చుంది.

"డాక్టర్‌కు ఏం చెప్పాలె?" అన్నాను.

"రానని చెప్పుండ్రి టీచర్. ఇయ్యాల గాదు, ఎన్నడు రాను. కాయితం అచ్చిందంటే నా ఏడ్పు ఉత్తదని తెలుస్తది. తెలిస్తే పిల్లను మల్ల తీస్కపోతరు." ఆటో చక్రాన్ని చూస్తూ చెప్తోంది. "రేగొండల మా ఇంటోళ్లల్ల ముసలోళ్లు పదకొండుమంది ఉండిరి. ఈమె పోంగ పదిమంది. అఖిలకు పద్దెనిమిది నిండాల్నంటే ఇంక పదేండ్లు."

ఆటో స్టార్ట్ అయింది. రేణుక ముందుకు వంగి, ఆ అబ్బాయి వీపుకు చెయ్యి తగలకుండా, "తమ్మీ," అంది. "చిన్నత్తకు ఏమేం ఇష్టముండెనో జర చెప్పుకుంట నడువు. ఏడ్చేటప్పుడు చెప్పాలె."